తుడిచినా పోని గీత

జగదేవి చేసిన జొన్నరొట్టెలను ఆ ఇంట్లో మూడో రోజు కూడా ఎవరూ ముట్టలేదు.

ముట్టకుండా ఊరుకుంటే బాగుండేది. ముట్టలేదన్న సంగతి ఆమెకు తెలియాలి కదా! అందుకని అత్త బక్కమ్మ ఆదివారం పొద్దున్నే వెనక వరండాలో పాత గ్యాస్ పొయ్యి పెట్టించుకుని తనకు మాత్రం ఇంత పప్పు, రెండు రొట్టెలు చేసుకుంది. తోటికోడలు ప్రేమల బజారు నుంచి ఇడ్లీలు తెప్పించి, ఆ పొట్లాలను సరిగ్గా జగదేవి రొట్టెల పళ్ళెం పక్కనే విప్పింది. నోటితో ఒక్క మాట అనకుండా మనిషిని సాధించడంలో ప్రేమలకు ఎవరైనా డాక్టరేట్ ఇస్తే బాగుండు. ఆ ఇంట్లో అర్హతకు తగ్గ డాక్టరేట్ అదొక్కటే అయ్యేది.

జగదేవి తన రొట్టె తను తుంచుకుని నిలబడే తిన్నది.

హాల్లో టీపాయ్ మీద మూడు రోజులుగా ఒక కాగితం పడి ఉంది. దాని మీద ఒక పెన్ను. "ఈ ప్రయోగాలన్నీ నేనే చేశాను, ఫలితాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను" అని ఇంగ్లీషులో రాసి, కింద జగదేవి పేరు కొట్టి, పేరు పైన జానెడు జాగా ఖాళీగా వదిలారు. సాయంత్రం అయిదింటికి మందు పరీక్షల కమిటీ నుంచి మనిషి వచ్చి ఆ కాగితం తీసుకుపోతాడు. జాగా నిండితే రేపు సోమవారం శ్రీశైల్ తయారుచేసిన ఆకుమందు ఆ ఇంటివాళ్ళ సొంతూరు, జగదేవి పుట్టినూరు చింతకికి పోతుంది. పొదుగువాపు వచ్చిన నలభై బర్రెల పొదుగుల్లోకి ఎక్కుతుంది. నిండకపోతే పోదు.

ఆ జాగా నింపాల్సిన చెయ్యి జగదేవిది. నింపకపోతే ఆమె అయిదేళ్ళ చదువు చెత్తబుట్టలో పడుతుంది. ఎందుకంటే ఆమె పరిశోధనకు గైడు కూడా శ్రీశైలే. పరిశోధనా కేంద్రంలో సార్, చిద్రిలోని ఈ ఇంట్లో భర్త అన్నగారు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు. ఆయనకు ఆ బాధ లేదు, జగదేవి జుట్టూ కాళ్ళూ రెండూ ఆయనకు అందుబాటులోనే ఉన్నాయి.

"తిన్నవా?" అంది ప్రేమల, ఇడ్లీ పొట్లం చుట్టేస్తూ. మూడు రోజుల్లో ఆమె అడిగిన మొదటి మాట అది.

"తిన్నక్కా."

"తింటవ్. ఎందుకు తినవ్? ఇంట్ల మొగోని ఇజ్జత్ తీసి తిన్నంక మస్తు అరుగుతది."

జగదేవి పళ్ళెం కడిగి బోర్లించింది.

"ఏం జేసిండు మా ఆయన? దొంగతనం జేసిండా? ఒగలి కొంప ముంచిండా? ఇరవై ఏండ్ల సంది గా ప్రయోగాలల్లనే కండ్లు పోగొట్టుకున్నడు. నిన్న మొన్న వచ్చి నువ్వు ఆయన లెక్క తప్పంటవా?"

"నేనంటలేనక్కా. గీత అంటాంది."

"ఏం గీత? నాకు అర్థమయ్యేటట్ల జెప్పు. నేనేం సదువుకోలే గని పిచ్చిదాన్ని గాదు."

జగదేవి ఆమె మొహం కేసి చూసింది. నిజంగా తెలుసుకోవాలని అడిగిన మొహం కాదది. అయినా మూడు రోజులుగా గొంతులో అడ్డుపడి ఉన్న మాటలు ఎవరి ముందయినా పడితే చాలనిపించింది. హాల్లో కుర్చీలో కూచుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న బక్కమ్మకు కూడా వినబడేలా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"పెండ్లిల బొట్టు వెట్టుకున్న ఆడోళ్లను లెక్క రాయుమని వాకిట్ల ఒక మనిషిని నిలవెట్టినమనుకో అక్కా. బొట్టు ఉన్నోళ్లనే రాయాలె. లేనోళ్లను రాయొద్దు."

"ఆఁ."

"బర్రె పొదుగుల ఒక ప్రోటీన్ ఉంటది. వాపు రావాల్నంటె దానికి ఫాస్ఫేట్ అంటుకోవాలె. బొట్టు వెట్టినట్టు. బొట్టు వడ్డదంటె వాపు మొదలైనట్టు. గా బొట్టును పట్టిచ్చే మనిషే యాంటీబాడీ. బొట్టున్న ప్రోటీన్ దొరికితె పట్టీ మీద నల్లగ గీత వస్తది. బావ మందేస్తె గీత సన్నవడ్డది. అంటె బొట్లు తగ్గినయి, వాపు తగ్గింది, మందు పనిజేసింది. ఇదే గద ఆయన అందరికి జెప్పింది?"

"ఔ. తప్పేమున్నది?"

"గా మనిషి మంచోడో కాదో సూడాలె గద? బొట్టును తుడిచేసే ఎంజైమ్ ఒకటున్నది. నేను అది కలిపి బొట్లన్ని తుడిచేసిన. తుడిచినంక గీత రావొద్దు. కని వచ్చింది. ముందట ఎంత నల్లగున్నదో గంతే నల్లగ వచ్చింది. మూడుసార్లు జేసిన, మూడుసార్లు వచ్చింది."

చిక్కుడుకాయ ఒలుస్తున్న బక్కమ్మ చెయ్యి ఆగింది.

బక్కమ్మ నుదురు బోసిగా ఉంటుంది. మామ గాలయ్య పోయి పన్నెండేళ్ళు. ఇన్ని పోలికలుండగా ఈ పోలికే నోటికి రావాలా అని జగదేవి నాలిక కరుచుకుంది.

"అంటె," అంది బక్కమ్మ నెమ్మదిగా, "వాకిట్ల నిలవడ్డోడు బొట్టును సూస్తలేడు. మొకం సూసి రాస్తుండు."

జగదేవికి గుండె ఒక్కసారి తేలికయింది. ఇద్దరు పెద్ద ప్రొఫెసర్లు, ఒక కమిటీ, ఒక పత్రిక సంపాదకుడు కలిసి అయిదేళ్ళుగా పట్టుకోలేకపోయిన మాట! సంతకం రాని అత్త, చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని అనేసింది.

"ఔ అత్తమ్మా! గదే! గంతే!"

"మరి మందేస్తె గీత ఎందుకు సన్నవడ్డది?"

"కణాలు సచ్చినయి అత్తమ్మా. సగానికి సగం సచ్చినయి. పెండ్లికి వచ్చినోళ్లే తక్కువైతె రాసిన పేర్లు గూడ తక్కువనే ఉంటయి. మందు వాపును తగ్గిస్తలేదు, పొదుగునే సంపుతాంది."

బక్కమ్మ తల ఊపింది. గింజలు గిన్నెలో వేసింది. తొక్కలు వేరే పెట్టింది.

"సమజైంది," అంది. "ఇగ పోయి దస్కతు వెట్టు."

"అత్తమ్మా?"

"నేను బొట్టు తీసి పన్నెండేండ్లాయె. ఇయ్యాల్టికీ చింతకిల నన్ను మీ మామ పెండ్లామనే పిలుస్తరు. గా పేరు మీదనే పెండ్లిళ్లల్ల పీట ఏస్తరు, గా పేరు మీదనే పంచాయతిల నా మాట ఇంటరు. లోకం బొట్టు సూడది బిడ్డా, మొకమే సూస్తది. నా కొడుకు మొకం సూసి నలభై ఇండ్లోళ్లు బర్రెలు ఇస్తున్నరు. నీ గీత సూసి ఇస్తలేరు."

"బర్రెల పొదుగులు ఎండిపోతె?"

"బర్రెలకు ఎప్పుడూ ఏదో ఒగటి అయితనే ఉంటది. పోయిన బర్రె వచ్చిన తెవులుతోనే పోయిందంటరు, మందుతోని పోయిందని ఎవలంటరు? నువ్వంటెనే అంటరు. నువ్వనకు."

అర్థం కాకుండా అడ్డం తిరిగే మనిషిని మొండి అనుకుని క్షమించవచ్చు. ఈమెకు అంతా అర్థమయింది. అర్థమయ్యాకే అంటోంది. అత్త మీద ఇన్నాళ్ళూ ఉన్న చిరాకు ఆ క్షణంలో అసహ్యంగా మారింది. మారినందుకు జగదేవి సిగ్గు కూడా పడలేదు.

ప్రేమల ముసిముసిగా నవ్వుతూ ఇడ్లీ ఆకులు బయట పారేయడానికి వెళ్ళింది.

జగదేవి భర్త నవనాథ్ ఆ సమయంలో పడకగదిలో ఉన్నాడు. గోడకు రెండు చెవులూ ఆనించినట్టు అన్నీ విని, ఏమీ విననట్టు ఫోను చూస్తున్నాడు. చిట్గుప్పలో అతనికి పశువుల దాణా దుకాణం ఉంది. అన్న మాటకు తల ఊపడం అతని వృత్తి, దాణా అమ్మడం ఖాళీ సమయంలో చేసే పని.

"ఒక్క దస్కతే గద," అన్నాడు, ఆమె లోపలికి రాగానే.

"నీ కొట్టుల దాణ తిని బర్రె సస్తె ఒక్క బస్తనే గద అంటవా?"

"గా ముచ్చట వేరే."

"ఎట్ల వేరే?"

అతను ఫోను మంచం మీద బోర్లించాడు.

"అన్న మనకెంత జేసిండో యాదికి తెచ్చుకో," అన్నాడు. "నా పెండ్లి ఆయనే జేసిండు. నిన్ను కోడలుగ తెచ్చింది ఆయనే. దుకాణం పెట్టిచ్చింది ఆయనే."

"నీకు మాట్లాడ నేర్పిచ్చుడు మాత్రం మర్చిపోయిండు."

అతను మళ్ళీ ఫోను అందుకున్నాడు. నాలుగేళ్ళ కాపురంలో ఆమె ఎన్నిసార్లు ఇలా పొడిచిందో లెక్కలేదు. గోడకు మేకు కొడితే కనీసం సున్నం రాలుతుంది, ఈ మనిషి నుంచి అదీ రాలదు. ఆమె అల్మారాలోంచి మూడు ప్రయోగాల ఫోటోలున్న కవరు తీసుకుని హాల్లోకి వచ్చేసింది.

నాలుగుంబావుకు శ్రీశైల్ మేడ దిగాడు.

ఆయన మెట్లు దిగడంలో కూడా ఒక పద్ధతి ఉంది. కింద ఎవరో పూలదండ పట్టుకుని నిలబడి ఉన్నట్టు, వాళ్ళను ఎక్కువసేపు నిలబెట్టకూడదన్నట్టు దిగుతాడు. హాలు గోడకున్న అద్దాల బీరువాలో ఆయనకు కప్పిన శాలువాలు మడతలు మడతలుగా ఉంటాయి. వాటి ముందు జ్ఞాపికలు. వాటిలో సగం ఎవరు చేయించారో కేంద్రంలో అందరికీ తెలుసు. పైన పటారం లోన లొటారం అన్న మాట ఆయన ఇంట్లో బీరువాకు కూడా వర్తిస్తుంది, శాలువాల వెనక చెక్కకు చెదలు పట్టింది.

"నోడమ్మా జగదేవి," అన్నాడు కూచుంటూ. ఆఫీసుల్లో తిరిగి తిరిగి ఆయనకు 'చూడమ్మా' అనే ఆ కన్నడ పిలుపు అలవాటయిపోయింది. "కోపం మీద మాట్లాడుకోవద్దు. సైన్సు మాట్లాడుకుందం. ఏదీ, చూపియ్యి."

"చూడుండ్రి సార్."

ఇంట్లో ఆయనను ఆమె ఎప్పుడూ బావా అనే పిలుస్తుంది. సార్ అన్న మాట వినగానే ప్రేమల వంటింట్లోంచి తొంగి చూసింది.

ఆయన ఫోటోలు ఒక్కొక్కటి తీసి, కళ్ళజోడు పైకెత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. బాగా చదువుకున్న మనిషే, చూడటం రానివాడు కాదు. వచ్చినా చూడనివాడు, అదీ ఆయన ఘనత.

"పట్టీని పాలపొడిల నానవెట్టినవా? పాలల్ల ఫాస్ఫేట్ అంటుకున్న ప్రోటీన్ ఉంటదని నేనే గద నేర్పిచ్చిన. యాంటీబాడీ పోయి దాన్ని పట్టుకుంటది. అంతా నల్లగనే కనవడ్తది."

"పాలపొడి వాడలే సార్. ఆల్బుమిన్‌ల నానవెట్టిన. పాలపొడి వాడింది మీ పాత బొమ్మకు."

శ్రీశైల్ రెండో ఫోటో తీశాడు.

"ఎంజైమ్ ఖరాబై ఉంటది. మన తాన కరెంటు సంగతి నీకు తెల్వదా? ఫ్రిజ్ బందైతె ఎంజైమ్ సస్తది."

"మూడో ఫోటో చూడుండ్రి. అదే నమూనా, అదే ఎంజైమ్. ఇంకో యాంటీబాడీతోని ఇంకో ప్రోటీన్‌ను చూసిన. దాని గీత నామరూపాల్లేకుంట పోయింది. ఎంజైమ్ మంచిగనే ఉన్నది. మంచిగ లేంది మన యాంటీబాడీ."

"మందేసిన నమూనాల గీత సన్నవడ్డది గద?"

"మొత్తం ప్రోటీనే తక్కువున్నది సార్. కణాలు లెక్కవెట్టిన. మీరు ఎన్నడన్న లెక్కవెట్టిన్రా? పత్రికల అచ్చయిన బొమ్మల గీత ఒక్కటే ఉంచి, చుట్టుపక్కల అంత కత్తిరిచ్చిండ్రు. కింద ఏమున్నదో పైన ఏమున్నదో ఎవలకు తెల్వది."

ఆయన ఫోటోలను సర్ది కవర్లో పెట్టాడు.

ఆ మౌనం జగదేవికి తీయగా ఉంది. అయిదేళ్ళు! చీటికీమాటికీ "మీ పల్లెటూరోళ్లకు చేతులే పనిజేస్తయి" అన్న మనిషి! సన్మాన సభల్లో "మా అమ్మాయిలు ట్యూబులు కడుగుతారు, నేను ఆలోచిస్తాను" అని నవ్వించిన మనిషి! ఇవాళ తన ఇంట్లో తన సోఫాలో అడగడానికి ప్రశ్న లేక కూచున్నాడు. ఆమె ఆగలేకపోయింది.

"ఎద్దు ఈనిందంటె కొట్టంల కట్టెయ్యుమన్నడట ఎన్కటికొకడు. మీరు ఈనిందన్నరు, కమిటీ కట్టెయ్యుమన్నది. ఇన్ని శాలువలు కప్పిండ్రు గని, ఒక్కడన్న పోయి ఎద్దు తోక లేవట్టి చూడలే."

"జగదేవి!" అని అరిచింది ప్రేమల.

"అననియ్యి," అన్నాడు శ్రీశైల్. ఆయన నవ్వాడు. లేచి, అదే పద్ధతిలో మెట్లెక్కి, మళ్ళీ అదే పద్ధతిలో దిగివచ్చాడు. చేతిలో ఎర్ర అట్ట ఉన్న పాత నోటుపుస్తకం ఉంది.

ఆయన కేంద్రంలో ఒక ఆచారం ఉంది. సార్ చెబుతారు, పిల్లలు రాస్తారు. ఏ ప్రయోగం ఎలా వచ్చింది, ఎందుకు వచ్చింది, మళ్ళీ చేయాలా అక్కర్లేదా అన్నది ఆయన బల్ల చుట్టూ నడుస్తూ చెబుతుంటే, చేసినవాళ్ళు తమ చేతిరాతతో రాసి కింద సంతకం పెడతారు. ఇరవై ఏళ్ళలో ఆ పుస్తకాల్లో ఆయన చేత్తో రాసిన అక్షరం ఒక్కటి కూడా లేదు. గొప్పవాళ్ళ పద్ధతి అదేనేమో అని కొత్తగా చేరిన పిల్లలు అనుకుంటారు. జగదేవి కూడా అనుకుంది.

ఆయన ఒక పేజీ తెరిచి ఆమె ముందు పెట్టాడు.

"చదువమ్మా. మీ అత్తకు గూడ వినవడాలె, బిగ్గరగ చదువు."

చేతిరాత ఆమెదే. అక్షరాలు ఇప్పటికంటే గుండ్రంగా, భయంభయంగా ఉన్నాయి. తారీఖు అయిదేళ్ళ కిందటిది.

ఆమె చదవలేదు. పుస్తకాన్ని ఆయన వైపు జరిపింది.

"నేను చదువుతగని," అని ఆయన పుస్తకం తిప్పుకున్నాడు. "'యాంటీబాడీ నిర్ధారణ పరీక్ష. ఎంజైమ్ కలిపిన తర్వాత కూడా గీత పోలేదు. కరెంటు కోత వల్ల ఎంజైమ్ చెడిపోయింది. మళ్ళీ చేయనవసరం లేదు.' కింద దస్కతు జగదేవిది. ఇయ్యాల మూడుసార్లు చేసి కనిపెట్టినవు గద తల్లీ? కనిపెట్టినదాన్నే మళ్ళ కనిపెట్టినవు."

"మీరు చెప్పిన్రు. నేను రాసిన."

"నేను చెప్పినట్ల ఏడున్నది?" ఆయన పేజీ అటూ ఇటూ తిప్పి చూపించాడు. "గురివింద గింజకు తన నలుపు కనవడదట. ఈ కాగితం మీద దస్కతు వెట్టకపోతె మంచిదే. కమిటీకి ఈ పుస్తకం పంపుత. తప్పు చేసిందెవలు, దాచిందెవలు, వాళ్లే తేల్చుకుంటరు."

జగదేవికి ఆ రోజు గుర్తుకొచ్చింది. ఇంతకాలం గుర్తుకు రాలేదంటే అబద్ధం, రానివ్వలేదు. మధ్యాహ్నం. తడి పట్టీ మీద గీత నల్లగా కనబడగానే ఆమె సార్ దగ్గరికి పరుగెత్తింది. ఆయన ఒక్క క్షణం చూసి, కరెంటు కోత అన్నాడు. ఆమె రాసింది. అక్కడితో అయిపోతే అమాయకురాలు అనిపించుకునేది. కానీ మర్నాడు అదే సీసాలోని ఎంజైమ్‌తో సంజు అనే తోటి విద్యార్థి తన ప్రయోగం చేసుకున్నాడు. అతని గీతలు చక్కగా మాయమయ్యాయి. ఆమె పక్కనే నిలబడి చూసింది. చెడిపోయిన ఎంజైమ్ పనెలా చేసిందని అప్పుడే అనుకుంది. అనుకుని, తన ట్యూబులు కడుక్కుంటూ ఉండిపోయింది.

ఆ సంగతి ఈ గదిలో ఎవరికీ తెలియదు. పుస్తకంలో లేదు. ఆమె నోరు విప్పకపోతే ఎన్నటికీ ఎవరికీ తెలియదు.

"గీ పుస్తకమేనా శ్రీశైలా?" అంది బక్కమ్మ ఉన్నట్టుండి. "నువ్వప్పుడు చెప్పింది?"

"ఏం చెప్పిన?"

"మర్చిపోయినవా? గీ పిల్ల సంబంధం తెచ్చిన దినాన. 'అమ్మా, మన నవనాథ్‌కు పిల్ల దొరికింది. చెప్పింది రాస్తది, తిరిగి అడగది' అన్నవ్. నేను జాతకం గూడ సూపియ్యలే గద. ఇంతకన్న గుణమేం గావాలె అనుకున్న."

ముసలమ్మ పొగడ్తగానే అంది. ఆమె లెక్కలో అది నిజంగా పొగడ్తే.

జగదేవికి మాత్రం ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. చింతకి పిల్ల చదువు చూసి ముచ్చటపడి కోడలిగా తెచ్చుకున్నారని ఆమె తల్లి ఊరంతా చెప్పుకుంది. తనూ నమ్మింది. ఆ గర్వంతోనే ఈ ఇంట్లో అందరినీ ఒక మెట్టు పైనుంచి చూసింది. భర్త తల ఊపితే చీదరించుకుంది. ప్రేమల మొగుణ్ణి నెత్తిన పెట్టుకుంటే నవ్వుకుంది. ఈ ఇంటికి తను వచ్చిందే ఒక తల ఊపు మీద! వాళ్ళందరూ చదువు లేక ఊపారు, తను చదువుకుని ఊపింది. ఇంతసేపూ ఈ గదిలో ఎవరిని చూసి ఆమెకు రోత పుట్టిందో, ఆ వరసలో మొదటి కుర్చీ తనదే.

"ఇగ టైం లేదు," అన్నాడు శ్రీశైల్ గడియారం చూసి. "పుస్తకం మేడ మీదికి పోతది, కాగితం కమిటీకి పోతది. నీ థీసిస్ మీద వచ్చే నెలనే దస్కతు చేస్త. మాట ఇస్తున్న. పెన్ను తీస్కో."

ఆమె టీపాయ్ ముందు కింద కూచుంది. పెన్ను తీసుకుంది.

"ఔ, గట్ల," అంది ప్రేమల.

జగదేవి తన పేరు పైన ఉన్న ఖాళీ జాగాలో రాయడం మొదలుపెట్టింది. సంతకానికి పట్టేంత సేపు కంటే ఎక్కువసేపు రాసింది. తెలుగులో రాసింది, జాగా చాలక అంచుల్లోకి రాసింది. ప్రేమల మెడ చాచి చూసింది. శ్రీశైల్ నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, కాకపోతే కళ్ళు దాన్ని వదిలేసి కాగితం మీదికి వచ్చాయి.

"ఏం రాస్తున్నవ్?"

"మీరు పిల్లలతోని బిగ్గరగ చదివిపిస్తరు గద సార్. నేనే చదువుత." ఆమె కాగితం ఎత్తి పట్టుకుంది. బిగ్గరగానే చదివింది. "'మా యాంటీబాడీ ఫాస్ఫేట్‌ను గుర్తించడం లేదు. ఈ మందు వాపు తగ్గించినట్టు మా దగ్గర రుజువు లేదు. ఇది కణాలను చంపుతోంది. పశువులకు ఇవ్వకూడదు. యాంటీబాడీ సంగతి అయిదేళ్ళ కిందటే నా చేతుల్లో తేలింది. ఎంజైమ్ చెడిపోలేదని మర్నాడే నాకు తెలుసు. తెలిసి దాచాను. నా నోటుపుస్తకం డాక్టర్ శ్రీశైల్ గారి దగ్గర ఉంది, తెప్పించి చూడండి.' కింద దస్కతు."

చదివిన కాగితాన్ని ఆమె చేతిలోనే ఉంచుకుంది.

బెదిరింపు దాచుకున్నంతసేపే బెదిరింపు. శ్రీశైల్ చేతిలో ఉన్న ఎర్ర అట్ట పుస్తకం ఇప్పుడు ఆయనకే బరువయింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"నీ చదువు పాయె," అన్నాడు. గొంతులో సైన్సు లేదు, సభ లేదు. "తెలుస్తుందా? నిన్ను ఎవ్వడు ఇంకో ల్యాబ్‌ల అడుగువెట్టనియ్యడు. దొంగ అంటరు."

"అననియ్యుండ్రి. దొంగనే గద."

"మా అందరి నోట్ల మట్టి కొడ్తవానే!" ప్రేమల ఏడుపు మొదలుపెట్టింది. బక్కమ్మ మాత్రం కొడుకు మొహాన్నే చూస్తోంది. మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని ఏరుతున్న చిక్కుడు గింజల గిన్నె జారి నేల మీద పడినా చూసుకోలేదు.

శ్రీశైల్ ముందుకు వంగి కాగితం రెండో అంచు పట్టుకున్నాడు. జగదేవి వదల్లేదు.

"చింపితె మళ్ళ రాస్త సార్."

"ఏ కాగితం మీద రాస్తవ్? కమిటీ ముద్ర ఉన్నది దీని మీదనే."

అప్పుడే గేటు దగ్గర బెల్లు మోగింది. "సార్, నేను క్రిస్టోఫర్! కమిటీ ఆఫీసు సంది వచ్చిన!" అని బయటి నుంచి కేక వినబడింది. అయిదు కావడానికి ఇంకా పావుగంట ఉంది. సర్కారు పని జీవితంలో ఒక్కసారి ముందుగా వచ్చింది.

పడకగది గుమ్మంలో ఎప్పటి నుంచి నిలబడి ఉన్నాడో గానీ, నవనాథ్ హాల్లోకి వచ్చాడు. అన్న వైపు చూడలేదు, భార్య వైపూ చూడలేదు. నేల మీద చెల్లాచెదురైన గింజలను తొక్కుకుంటూ వీధి తలుపు దాకా నడిచాడు. క్రిస్టోఫర్‌ను లోపలికి పిలుస్తాడనుకున్నారందరూ. అతను ఓరగా ఉన్న తలుపు మూసి, పైగడియ వేశాడు. తర్వాత వెనక్కి తిరిగి వచ్చి, ఇద్దరి చేతుల మధ్య బిగుసుకుని ఉన్న ఆ కాగితం దగ్గర ఆగి, చెయ్యి చాచాడు.

"ఇటియ్యి జగదేవీ," అన్నాడు.

ఆమె తలెత్తి చూసింది. నాలుగేళ్ళ కాపురంలో మొదటిసారి, అతని మొహం చూసి అతను ఏం చేస్తాడో ఆమె చెప్పలేకపోయింది.